పదీ పదిహేనుకి పూసిన పువ్వు

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి పోలీసు బోటు ఇసకదిబ్బని ఒరుసుకుంటూ ఆగింది. ముందు దూకినవాడు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ పల్లంరాజు. ఆఖర్న దిగినవాడు పడవ చిట్టియ్య. దిగాడనడం కన్నా దింపారనడం నిజం. చేతులకి బేడీలు. అరికాళ్లు రెండూ బూరెల్లా పొంగి ఉన్నాయి. తడి ఇసకలో కాలు మోపగానే, తొక్కితే కుక్కపిల్ల చేసేలాంటి చిన్న శబ్దం అతని నోట్లోంచి వచ్చింది.

"నటించకు," అన్నాడు పల్లంరాజు, వెనక్కి తిరిగి చూడకుండానే.

డిటెక్టివ్ మణిశంకర్ ఆ అరికాళ్ల వంక చూశాడు. నిన్న రాత్రి చిట్టియ్య వేలిముద్ర వేసిన ఒప్పుకోలు కాగితం ఎలా పుట్టిందో ఇంక ఎవర్నీ అడగక్కర్లేదు.

మొన్న గురువారం సాయంత్రం ఐదింటికి ఈ దిబ్బ అంచునే, మోకాలిలోతు నీళ్లలో, వేంకటేశ్వర్లు మాస్టారి శవం బోర్లా తేలుతూ కనిపించింది. కాకినాడలో ముప్పై ఏళ్లు బోటనీ చెప్పి రిటైరైన మనిషి. కళ్లు రెండూ తిల్లపాలకి కాలి, వాచి, మూసుకుపోయి ఉన్నాయి. మడ అడవిలో తిల్లచెట్టు కొమ్మ విరిస్తే తెల్లటి పాలు కారతాయి. అవి కంట్లో పడితే మంటకి మనిషి పిచ్చెత్తినట్టు పరిగెడతాడు. మాస్టారు గుడ్డిగా తడుముకుంటూ నీళ్లలోకే నడిచాడు. లేకపోతే ఎవరో నడిపించారు.

ఆయన్ని గురువారం ఒంటిగంటకి ఇక్కడ దింపినవాడూ, ఐదింటికి తీసుకెళ్లడానికి వచ్చి శవాన్ని చూసి కేకలు పెట్టినవాడూ చిట్టియ్యే. మాస్టారి కెమెరా కనపడలేదు. పల్లంరాజుకి అంతకన్నా ఏమీ అక్కర్లేకపోయింది. దింపిన వెంటనే కళ్లల్లో పాలు కొట్టి, నీళ్లలో ముంచి, కెమెరా కాజేసి, ఏమీ ఎరగనట్టు పీతలు అమ్ముకోడానికి వెళ్లిపోయాడు చిట్టియ్య. అదీ కేసు. రెండింటి నుంచి నాలుగున్నర దాకా అతను పీతల కాటా దగ్గరే ఉన్నాడని పదిమంది చెప్తున్నారు. కానీ హత్య ఒంటిగంటకే జరిగిపోయి ఉంటే ఆ పదిమంది మాటా చిత్తుకాగితమే.

ఇవాళ ఐదింటికి చిట్టియ్యని మేజిస్ట్రేట్ ముందు హాజరు పరచాలి. ఆ గుమ్మం దాటాడంటే తిరిగి రాడు.

పొద్దున్న ఆరింటికి అతని భార్య సంపూర్ణమ్మ మణిశంకర్ వాకిట్లో నిలబడింది. ఏడవలేదు. "మాస్టారి కాలికి బురదంటకుండా ఈపు మీద మోసుకెళ్లి పడవెక్కించేవోడండి మా ఆయన. అలాంటోడు ముంచుతాడాండీ?" అని ఒక్క ప్రశ్న అడిగింది. "సాయంత్రం దాకా ఇంట్లోంచి కదలకమ్మా. కబురు నేనే పట్టుకొస్తాను," అని చెప్పి మణిశంకర్ ఆమెని పంపించాడు. తర్వాత ఎస్పీగారి కాళ్లావేళ్లా పడి ఈ ఒక్క మధ్యాహ్నం సంపాదించాడు.

బోటులోంచి దిగిన నాలుగోమనిషి డాక్టర్ ఉదయ్‌భాస్కర్. మాస్టారి శిష్యుడు. ఇప్పుడు అదే కాలేజీలో రీడర్. ఇంతవరకూ ఏ పుస్తకానికీ ఎక్కని ఒక మొక్కని బుధవారం ఈ దిబ్బ మీద తాను కనిపెట్టానని నిన్ననే విలేకరుల్ని పిలిచి చెప్పాడు. అట్టకి అతికించిన ఎండు మొక్కని, బోటనీవాళ్లు షీటు అనేదాన్ని, దాని మీది లేబుల్‌తో సహా, ఫొటోలకి చూపించాడు. ఆ మొక్కకి తన పేరు కలిసొచ్చేలా పేరు పెడతాడట.

"చోటు చూపిస్తారాండీ?" అన్నాడు మణిశంకర్.

"రండి," అన్నాడు ఉదయ్‌భాస్కర్ హుషారుగా. గురువు పోయి రెండు రోజులే అయిందన్న ఛాయ ఆ మొహంలో ఎక్కడా లేదు.

దిబ్బ మధ్యలో, తిల్లచెట్ల వరస ముందు, ఆరు గుంటలున్నాయి. ఒక్కొక్కటీ జానెడు లోతు. మొక్క ఒక్కటి కూడా లేదు.

"మీరెన్ని తీశారండీ?"

"రెండు. ఒకటి షీటుకి, ఒకటి డూప్లికేటుకి. మిగతావి పీతలు తవ్వుంటాయి."

"పీత బొరియ వాలుగా దిగుతాదండి," అన్నాడు వెనకనించి చిట్టియ్య నెమ్మదిగా. "ఇలా నిటారుగా దిగదండి. ఇది పారతో..."

చెంప చెళ్లుమంది. పల్లంరాజు చెయ్యి దులుపుకున్నాడు. "నిన్నెవడడిగాడ్రా? ఏంటండీ డిటెక్టివ్ గారూ, హంతకుణ్ణొదిలేసి పీతల్ని అరెస్టు చెయ్యమంటారా? చెప్పండి, బేడీలు చాలవు మరి, వాటికి పది కాళ్లు."

బోటు నడుపుకొచ్చిన కానిస్టేబుల్ జీవరాజు నవ్వలేదు. కొట్టిన దెబ్బకి కింద కూలబడ్డ చిట్టియ్యని లేపుతున్నట్టు వంగి, అతని మొహం మీద ఎండ పడకుండా అడ్డంగా నిలబడ్డాడు. అంతే. నిలబడి, ఇంక అక్కణ్ణుంచి కదల్లేదు.

మణిశంకర్ గుంటల పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఒకప్పుడు అతనూ మాస్టారి దగ్గర బి.ఎస్సీ. చదివినవాడే. మొక్కల పేర్లన్నీ ఎప్పుడో మరిచిపోయాడు గానీ ఆయన తిట్లు గుర్తున్నాయి. పది మొక్కలైనా లేనిచోట ఒక రెమ్మ తుంచినా ఆయన ఊరుకునేవారు కాదు. ఇక్కడ ఆరు మొక్కల్ని దుంపలతో సహా ఎవరో పెళ్లగించేశారు.

"బుధవారం ఎన్నింటికి చూశారండీ మొక్కని?"

"పొద్దున్న పదీ పదిహేను. లేబుల్ మీద ఉంది. మీరు చూశారు కదా."

"చూశానండి. సమయం కూడా రాశారే అనుకున్నాను."

"మాస్టారి శిష్యుణ్ణండీ. సమయం గడి ఖాళీగా కనిపిస్తే షీటు మొహాన కొట్టేవారు."

"నన్నూ కొట్టారండి. రెండుసార్లు."

ఉదయ్‌భాస్కర్ పకపకా నవ్వాడు.

"బుధవారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?"

"ఒకటిన్నర నుంచి ఐదున్నర దాకా ప్రాక్టికల్ పరీక్షలు. నలభైమంది పిల్లలు సాక్ష్యం."

"గురువారం?"

"జ్వరం. ఇంట్లో పడుకున్నాను. మా ఆవిడ సాక్ష్యం. చాలా?"

"మరి మాస్టారు గురువారం ఇక్కడికెందుకొచ్చినట్టండీ?"

"నేనే ఫోన్ చేసి చెప్పాను, ఇలా దొరికింది సార్ అని. ఆగలేకపోయారు." ఉదయ్‌భాస్కర్ కర్చీఫ్‌తో మెడ తుడుచుకున్నాడు. "ముప్పై ఏళ్లు ఈ బురదంతా తిరిగారు, పాపం. ఆయనకి దొరకలేదు. శిష్యుడికి ఒక్కపూటలో దొరికింది. ఆ వయసులో అది తట్టుకోవడం కష్టమండీ."

చనిపోయినవాణ్ణి ఇంత మెత్తగా కూడా కొట్టవచ్చునని మణిశంకర్ అప్పుడే చూశాడు.

"ఒక్క అనుమానం. మీ షీటు మీద పువ్వులు మూడూ బాగా విచ్చుకుని ఉన్నాయి. కోసేటప్పటికే విచ్చుకున్నాయా? లేక మొగ్గలు కోస్తే, కాగితాల మధ్య నొక్కిపెట్టాక విచ్చుకున్నాయా?"

"నొక్కిపెట్టిన మొగ్గ విచ్చుకోవడం ఏమిటండీ! ఎలా పెడితే అలాగే ఎండుతుంది. ఫస్టియర్ పిల్లల్ని అడగండి, చెప్తారు. నేను కోసేటప్పటికే పూర్తిగా విచ్చుకున్నాయి. నీలం రంగు."

"ఈ ముక్క కాస్త రాసిస్తారా?"

"దేనికి?"

"నా మట్టిబుర్రకండి. సాయంత్రానికి మర్చిపోతాను."

ఉదయ్‌భాస్కర్ పల్లంరాజు వైపు చూసి కన్నుగీటి, మణిశంకర్ నోట్‌బుక్‌లో రెండు వాక్యాలు రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, కింద సమయం కూడా వేశాడు. ఒకటీ నలభై.

మణిశంకర్ నోట్‌బుక్ జేబులో పెట్టుకుని తిల్లచెట్ల మొదళ్ల దగ్గరికి వెళ్లాడు. రాలే ముందు ఎర్రబడే ఆకులవి. వేళ్ల సందుల్లో బెత్తెడు మందాన పరుచుకుని ఉన్నాయి. మోకాళ్ల మీద కూర్చుని, చేతికర్రతో ఆకుల్ని ఒక్కొక్క పొరే తప్పించాడు. ఒక చెట్టు, రెండు, మూడు. పల్లంరాజు విసుగ్గా సిగరెట్ వెలిగించాడు. నాలుగో చెట్టు వేళ్ల మధ్య మణిశంకర్ చెయ్యి ఆగిపోయింది.

వెల్లుల్లి మొలకలా సన్నటి ఆకులు రెండు. వాటి మధ్య దారప్పోగంత కాడ. దాని చివర, గట్టిగా ముడుచుకున్న ఒకే ఒక మొగ్గ.

"ఇంకోటుందా?"

అడిగినవాడు ఉదయ్‌భాస్కర్. గొంతు మారిపోయింది.

"ఉందండి. ఆరు పోయినా ఒకటి మిగిలింది. మీకు సంతోషంగా లేదేంటండీ?"

"ఎందుకు లేదు..." అన్నాడు ఉదయ్‌భాస్కర్.

"పదీ పదిహేనుకే నిండుగా విచ్చుకునే పువ్వు, రెండు కావస్తున్నా ముడుచుకునే ఉందేంటి?"

"అది రేపటి మొగ్గ అయ్యుండచ్చు."

"అయ్యుండచ్చు. చూద్దాం." మణిశంకర్ అక్కడే, ఇసకలో, చాపేసుకుని కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పల్లంరాజు సిగరెట్ విసిరి కొట్టాడు. "ఏంటి చూసేది? నాలుగింటికి నేను రేవులో ఉండాలి. ఐదింటికి కోర్టు. పువ్వు పూసేదాకా కాపలా కాయడానికి నేను పూజారినా?"

"సీఐ గారూ, మీ పంచనామాలో ఆరో వస్తువు ఏంటండీ?"

"నాకేం గుర్తు?"

"కళ్లజోడు. చొక్కా జేబులో, మడిచి ఉంది. తిల్లల మధ్య తిరిగే మనిషి కళ్లజోడు తీసి జేబులో ఎందుకు పెట్టుకుంటాడు? మాస్టారు ఒక్క పనికే కళ్లజోడు తీసేవారు. పువ్వుని దగ్గరగా పెట్టుకుని లెన్స్‌తో చూడ్డానికి. లెన్స్ ఆయన మెళ్లోనే ఉంది. అది ఏడో వస్తువు. అంటే పాలు కళ్లల్లో పడేసరికి ఆయన వంగి పువ్వుని చూస్తున్నారు. పక్కన నిలబడ్డవాడు భయపడాల్సిన మనిషి కాదు కాబట్టి తలెత్తలేదు."

"ఒంటిగంటకి వంగి చూశాడు. వీడు పోశాడు. సరిపోయింది కదా!"

"ఒంటిగంటకి పువ్వు విచ్చుకుని ఉంటే సరిపోతుందండి. జీవితమంతా తెల్లవారుజామునే అడవికి బయల్దేరిన మనిషి, మొన్న మాత్రం మిట్టమధ్యాహ్నం వచ్చి, ఐదింటి దాకా ఉంటానన్నారు. ఆయన చూడ్డానికొచ్చింది మధ్యాహ్నం తర్వాతే కనపడుతుంది కనక. అది ఎన్నింటికో తెలిస్తే హత్య ఎన్నింటికో తెలుస్తుంది. ఈ పువ్వు మూడుకి విచ్చుకుంటే మూడింటికి చిట్టియ్య పీతల కాటా దగ్గరున్నాడు."

ఒప్పుకోలు తీసుకున్నానని నిన్న రాత్రే డీఎస్పీకి ఫోన్ చేసి చెప్పుకున్నాడు పల్లంరాజు. "మూడూ పదిహేను," అన్నాడు. "ఒక్క నిమిషం ఎక్కువైనా నా దారి నాది."

మణిశంకర్ మిగతా సగం చెప్పలేదు. పొద్దున్న పదింటికి విచ్చుకోని పువ్వులు షీటు మీద విచ్చుకుని ఉన్నాయంటే, ఆ షీటు మధ్యాహ్నం కోసినది. బుధవారం మధ్యాహ్నం ఉదయ్‌భాస్కర్ నలభైమంది పిల్లల మధ్య ఉన్నాడు. కాబట్టి గురువారం. దొంగ ఎవడైనా ఆ గడి ఖాళీగా వదిలేసి ఉండేవాడు. మాస్టారి దగ్గర చదివిన దొంగ కనక వదల్లేకపోయాడు.

రెండున్నరయింది. పోటు ఎక్కుతోంది. పాయలో నీళ్లు దిబ్బ అంచుని నాకుతున్నాయి. జీవరాజు తన సీసాలోంచి నీళ్లు తుండుగుడ్డ మీద ఒంపి, ఎవరూ చూడకుండా చిట్టియ్య కాళ్ల మీద కప్పాడు. మొగ్గ కదల్లేదు.

మూడయింది. కదల్లేదు.

"రేపటి మొగ్గే," అన్నాడు ఉదయ్‌భాస్కర్. రంగు కొంచెం తిరిగొచ్చింది మొహానికి.

మూడూ ఏడుకి కాడ సన్నగా వణికింది. గాలి లేదు. మొగ్గ కొసన నీలపుగీత ఒకటి కనిపించింది. గోటితో మీటినట్టు ఒక రేకు చటుక్కున విడిపోయి పక్కకి వాలింది.

"సీఐ గారూ!" అన్నాడు మణిశంకర్.

పల్లంరాజు అప్పుడే అటు తిరిగి బోటు వైపు చూస్తున్నాడు. అతను తల తిప్పే లోపల ఉదయ్‌భాస్కర్ రెండడుగులు ముందుకు వేశాడు. కాలు జారినట్టే జారాడు. కానీ జారినవాడు మడమని అటూ ఇటూ తిప్పి నలపడు. అతను నలిపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. బూటు తీసేసరికి అక్కడ తడి ఇసకలో నీలపు మరక, నలిగిన దుంప నీళ్లు, అంతే.

లోకంలో ఇంకెక్కడా లేదని అతనే నిన్న పత్రికలవాళ్లకి చెప్పిన మొక్క. తన పేరు పెట్టుకుందామనుకున్న మొక్క.

"అయ్యయ్యో," అన్నాడు ఉదయ్‌భాస్కర్. "బురద."

"నువ్వు..." మణిశంకర్ లేచాడు. ఇంతసేపటికి మొదటిసారి అతని గొంతులో మర్యాద పోయింది.

పల్లంరాజు మధ్యలోకి వచ్చాడు. "చాలు. పువ్వు లేదు, మొగ్గా లేదు. ఏదీ మీ సాక్ష్యం? ఈ మరకని తీసుకెళ్లి మేజిస్ట్రేట్ గారికి చూపిస్తారా?"

"నేను చూశానండి." జీవరాజు ఒకడుగు ముందుకు వేశాడు. "ఒక రేకు విచ్చుకుందండి. మూడూ ఏడుకండి."

"నోరుముయ్! నీ నోటిమాట కోర్టులో నిలబడదు, రేపణ్ణుంచి నువ్వు స్టేషన్లోనూ నిలబడవు. ఎత్తరా వాణ్ణి, బోటెక్కించు."

జీవరాజు చంకల్లో చేతులేసి లేపుతుంటే చిట్టియ్య హఠాత్తుగా ఏడ్చేశాడు. కొడుతున్నప్పుడు కూడా ఏడవని మనిషి.

"బాబుగారూ, మా ఇంటికాడ ఇంకోటుందండి."

మణిశంకర్ గిరుక్కున తిరిగాడు.

"నిరుడు పోటుకి ఇసక కోసేసి ఒక దుంప కొట్టుకుపోతంటే మాస్టారే పట్టుకుని నా చేతిలో ఎట్టారండి. పగిలిన కుండలో ఏసుకున్నాం. చెప్తే అడివి మొక్క పీకేనని ఇంకో కేసెడతారని నోరు మూసుకున్నానండి. ఇప్పుడు పూత మీదుందండి. మజ్జానం మూడు దాటాక ఇచ్చుకుంటాదండి, ఏ రోజూ తప్పదు. అది ఇచ్చుకుంటే నేనొచ్చే ఏళయిందని మా ఇంటిది పొయ్యి రాజేత్తాది. ఊళ్లో ఎవుర్నడిగినా చెప్తారండి."

నిరుడు. అంటే మాస్టారికి ఈ మొక్క ఏడాది కిందటే తెలుసు. పేరు కోసం పరిగెత్తకుండా, ఏడాదంతా దాని పక్కన కూర్చుని దాని వేళలు నేర్చుకున్నాడాయన. అది ఎప్పుడు విచ్చుకుంటుందో పీతలు పట్టేవాడి పెళ్లానిక్కూడా తెలుసు. డాక్టర్ ఉదయ్‌భాస్కర్‌కి తెలియదు.

పల్లంరాజు జేబులోంచి సిగరెట్ పెట్టె తీసి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు. "ఎంతమంది చూశార్రా ఆ కుండని?" అని అడిగాడు చివరికి. అతను చిట్టియ్యని నిజంగా ఒక ప్రశ్న అడగడం అదే మొదలు.

"పేటంతా చూసిందండి."

"అయితే ఇంకేం," అంది వెనకనించి ఒక మెత్తటి గొంతు. "వెళ్లి చూద్దాం పదండి. నేను బోటు తిప్పి ఉంచుతాను."

ఆ మాటకి ఎవరూ తిరిగి చూడలేదు. అదే తప్పయింది. తాడు లాగిన చప్పుడు, ఇంజను దగ్గు, మళ్లీ తాడు. మణిశంకర్ పరిగెత్తి అంచుకి చేరేసరికి దిబ్బకీ బోటుకీ మధ్య నాలుగు బారల నీళ్లున్నాయి.

"ఇంతమంది బరువుకి బోటు దిగబడేలా ఉందండీ!" ఉదయ్‌భాస్కర్ చెయ్యి ఊపాడు. "నేను రేవుకెళ్లి ఇంకో బోటు పంపిస్తాను!"

బోటు మడచెట్ల మలుపు తిరిగి కనపడకుండా పోయింది.

"పంపిస్తాడులెండి," అన్నాడు పల్లంరాజు. కానీ అతని చెయ్యి నడుం దగ్గర వైర్‌లెస్ సెట్టు కోసం తడుముకుంటోంది. సెట్టు బోటు సీటు మీద ఉంది.

మణిశంకర్ చెవి ఒగ్గి విన్నాడు. "చిట్టియ్యా, రేవు ఎటు?"

"ఎడంపక్కండి."

ఇంజను చప్పుడు కుడివైపు నుంచి వస్తోంది. తగ్గుతూ, తగ్గుతూ, ఇంకా కుడికే.

"కుడిపక్క ఏముంది?"

చిట్టియ్య బేడీలున్న చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "మా పేటండి," అన్నాడు ఆ చేతుల చాటునించి.

పల్లంరాజు జేబులోంచి తాళంచెవి తీశాడు. దాన్ని బేడీల కన్నంలో పెట్టడానికి రెండుసార్లు పట్టింది అతనికి. "నడిచే దారుందా ఇక్కణ్ణుంచి... చిట్టియ్యా?"

"పాయంట తిరిగెల్లే బోటుకి ముప్పావుగంటండి. తిల్లల్లోంచి అడ్డంగా పడితే అరగంట," అన్నాడు చిట్టియ్య, అప్పటికే తడబడుతూ లేస్తూ. "బాగున్న కాళ్లకండి."

నలుగురూ తిల్లల వైపు నడిచారు. ముందు చిట్టియ్య, అతన్ని ఒకపక్క జీవరాజు, ఇంకోపక్క పల్లంరాజు పట్టుకున్నారు. మణిశంకర్ వెనక నడుస్తూ గడియారం చూశాడు. మూడూ ఇరవై రెండు. ఈపాటికి కుండలో పువ్వు విచ్చుకుని ఉంటుంది. సంపూర్ణమ్మ పొయ్యి రాజేసి ఉంటుంది.

ఇంట్లోంచి కదలొద్దని ఆమెకి చెప్పింది అతనే.